కేశవదాసుగారి పాటలయందు భగవత్సౌలభ్యము

పల్లెపట్టున నాటకమాడు రాత్రి తెర లేవకముందే ఒక ముచ్చట జరుగును. లోపల హార్మోనియము శ్రుతి పట్టును. ముఖములకు రంగు పూసికొన్న రాజులు, రాక్షసులు, ఋషులు, రాణులు, హాస్యగాండ్రు అందరును ఒక్క వరుసగా నిలిచి చేతులు జోడింతురు. కర్పూరము వెలుగును, కొబ్బరికాయ పగులును. అప్పుడు “పరబ్రహ్మ పరమేశ్వర” యను ప్రార్థన మొదలగును. హిరణ్యకశిపుని వేషము దాల్చినవాడు సైతము ముందుగా హరిని స్తుతించి, ఆ పిమ్మటనే హరిద్వేషము నభినయించుటకు రంగము మీదికి వచ్చును. తెలుగునాట పద్యనాటకము ఆడినచోటనెల్ల ఈ ప్రార్థన వినబడినది. వినినవారు లక్షలు. దానిని వ్రాసినవారెవరని యడిగినవారు మాత్రము చాల తక్కువ.

దానిని రచించినవారు చందాల కేశవదాసుగారు. తెలుగు మాటలాడిన మొదటి చలనచిత్రమునకు పాటలు సమకూర్చినవారును ఆయనయే. రంగస్థలమునకు వ్రాసి, చలనచిత్రమునకు వ్రాసి, హరికథలు చెప్పి, వైద్యము చేసి, ఎనుబది యేండ్లు జీవించిన ఈ భక్తకవి చరిత్రను, ఆయన పాటలలో నిండియున్న భగవద్గుణమొకదానిని ఈ వ్యాసమున పరిశీలింతము.

ముందు ప్రార్థన మాట. సంస్కృత నాటకములకు నాంది యుండును. భరతముని నాట్యశాస్త్రమున పూర్వరంగమును విస్తరించి చెప్పినాడు. ఆ నాందిని సూత్రధారుడు పఠించును. దేవతలకు, బ్రాహ్మణులకు, రాజునకు మంగళము కోరును. తెలుగు రంగస్థలమున ఈ విధి మారిపోయినది. ఒక్క సూత్రధారునకు బదులు నటవర్గమంతయు గొంతు కలుపును. నాయకుడు, ప్రతినాయకుడు, చిన్న వేషగాడు, మేళము వాయించువాడు అను భేదము ఆ నాలుగు నిమిషములు ఉండదు. శాస్త్రము చెప్పిన నాందికంటె ఇది ఒక విధముగా ఆలయమందలి గోష్ఠికి దగ్గరగా నున్నది. గోష్ఠియందు ఒంటిగొంతు వినబడరాదు గదా!

ఆ ప్రార్థనలో పరమేశ్వర శబ్దమున్నది కనుక అది శైవమని కొందరు వైష్ణవ గృహస్థులు తలచుట కద్దు. అది పొరపాటు. విష్ణుసహస్రనామములలో పరమేశ్వర నామమును ఒకటి. నిత్యము పారాయణ చేయువారికి ఇది క్రొత్తగా చెప్పనక్కరలేదు. పేరులను బట్టి తగవులాడుకొను కాలమున అన్ని వర్ణములవారును, అన్ని మతములవారును కలిసి పాడదగిన నామములను ఏరి కూర్చుట ఆ కవి చేసిన మేలు.

కేశవదాసుగారు 1876వ సంవత్సరమున జక్కేపల్లి గ్రామమున జన్మించిరి. అది ఖమ్మము ప్రాంతము. నాడు నైజాము ప్రభువు ఏలుబడిలోనిది, నేడు తెలంగాణ రాష్ట్రములోనిది. ఆ కాలమున అక్కడ రాజభాష తెలుగు కాదు. తెలుగు చదువవలెనన్న వీథిబడియో, ఇంటి పెద్దలో శరణ్యము. అక్షరములు, బాలరామాయణము, అమరము, శతకములు, భాగవత పద్యములు ఇవియే నాటి చదువు. కేశవదాసుగారి చదువును ఆ త్రోవలోనిదే. ఆయుర్వేదమును నేర్చిరి, అవధానములు చేసిరి, గజ్జె కట్టి హరికథలు చెప్పిరి. కొలువులోని ఉద్యోగి కారు, పట్టణమందలి పండితుడును కారు. మందుల సంచియు, చిడతలును చేతబట్టుకొని ఊరూర తిరిగిన మనిషి.

ఆ సీమను గూర్చి ఒక మాట చెప్పవలెను. భద్రాచల రామదాసుగా ప్రసిద్ధుడైన కంచెర్ల గోపన్న పుట్టిన నేలకొండపల్లి ఆ ఖమ్మము ప్రాంతమునందే యున్నది. గోపన్న పదునేడవ శతాబ్దివాడు. దాసుగారికి రెండు వందల యేండ్లకు పైగా ముందువాడు. అయినను రాముని నిలదీసి అడుగుట, దెప్పుట, వెంటనే కాళ్లమీద పడుట అను ఆ చనువు ఆ సీమలోని పాటకాండ్ర గొంతులో నిలిచియే యున్నది. దేవునితో ఇరుగుపొరుగువానితోవలె మాటలాడుట అక్కడివారికి ఎవరును నేర్పనక్కరలేదు.

హరికథకుడు నాటకమునకు పాటలు వ్రాయుట విచిత్రము కాదు. తెలుగు నాటకమున పాట ప్రవేశించుట కొంత ఆలస్యముగా జరిగినది. బళ్లారివారైన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853–1912) తమ నాటకములలో పాటలను చొప్పించి దారి చూపిరి. తరువాత సమాజములు పెరిగినవి, పాటలకు గిరాకి పెరిగినది. నాటకకర్త వచనమును పద్యమును వ్రాసి యిచ్చును. పాటలు మరియొకచోటనుండి రావలసి యుండును. జనమునకు చెవికెక్కిన మట్టు నొకదానిని హార్మోనిస్టు వాయించి చూపును. ఆ మట్టునకు సరిపోవునట్లు అక్షరములు కూర్చవలెను. పాత్ర నోటికి తగవలెను. కథ ముందుకు నడువవలెను. వెనుక వరుసలో చాపమీద కూర్చున్నవానికి ఒక్కమారు వినినంతనే అర్థము కావలెను. పద్యము చదువు వచ్చినవాని చేత వ్రాయించుకొనవచ్చును. ఇట్టి పాటను మాత్రము సభను ఎదుట నుంచుకొని రాత్రులు గడిపినవాడే వ్రాయగలడు. హరికథకునకు ఆ యలవాటు పుట్టుకతోనే యున్నట్లు లెక్క.

1911 ప్రాంతమున దాసుగారు ‘కనకతార’ యను నాటకమును వ్రాసిరి. రాజ్యలోభముచేత పసిబిడ్డలను చంపబూనిన క్రూరుడు, వారిని కాపాడిన దయామయులు ఇందలి కథ. పురాణకథ కాకపోయినను జనులు దానిని పురాణమువలెనే ఆదరించిరి. 1937లో అది చలనచిత్రమైనది. సముద్రాల రాఘవాచార్యులవారు చలనచిత్ర రచయితగా అడుగుపెట్టినది ఆ చిత్రముతోనే. పిదప వందల పాటలు వ్రాసిన ఆచార్యులవారి మొదటి మెట్టు దాసుగారి కథ యగుట చాలమంది గమనింపని సంగతి. ‘బలిబంధనము’ అను నాటకమును, ‘కేశవ శతకము’ను, పెక్కు హరికథలను కూడ దాసుగారు రచించిరి.

ఇక అసలు విషయము. భగవానుని గుణములు అనంతములైనను ఆచార్యులు వానిని రెండు తెగలుగా చూచిరి. ఒకటి పరత్వము: ఆయన అందరికంటె ఎత్తున నుండుట. రెండవది సౌలభ్యము: ఆ ఎత్తునుండి దిగివచ్చి అందరికి చేతికందుట. భగవద్రామానుజులు గీతాభాష్యారంభమున కారుణ్య, సౌశీల్య, వాత్సల్యాది గుణములను వర్ణించిన తీరు చదివినవారెరుగుదురు. నమ్మాళ్వారులు తిరువాయ్మొళి మొదటి శతకములోని మూడవ దశకమున ఈ సౌలభ్యమునే గానము చేసిరి. వెన్నదొంగిలి రోటికి కట్టుబడిన స్వామిని తలచుకొని ఆళ్వారులు ఆరుమాసములు మోహితులైరని పెద్దలు చెప్పుదురు. జగములను కట్టివేయగలవాడు ఒక గొల్లయింతి చేతి త్రాటికి కట్టుబడెననునది జ్ఞానులకే అందని మాట. పరత్వమును శాస్త్రముచేత నిరూపింపవచ్చును. సౌలభ్యమును తలచినపుడు కన్నీరు తప్ప ప్రమాణము లేదు.

దాసుగారు ఈ గ్రంథములు చదివిరని సాధింప బూనుట ఇక్కడి ఉద్దేశము కాదు. చదువనక్కరయు లేదు. ఆయన చేతికి వచ్చిన కథలను చూడుడు: తులాభారము, ప్రహ్లాద చరిత్రము, సక్కుబాయి చరిత్రము, బలి చరిత్రము. ఒకచోట స్వామి అమ్మకమునకు వచ్చును. ఒకచోట స్తంభమునుండి వచ్చును. ఒకచోట కోడలి వేషమున ఇంటిచాకిరికి వచ్చును. మరియొకచోట మూడడుగులు అడుగుకొను వడుగై వచ్చును. అన్నియు దిగివచ్చిన కథలే.

వీనిలో తులాభారము కొంత నిలిచి చూడదగినది. ‘శ్రీకృష్ణ తులాభారము’ ముత్తరాజు సుబ్బారావుగారి నాటకము. దానికి పాటలు కేశవదాసుగారు వ్రాసిరి. మైలవరము బాలభారతీ నాటక సమాజమువారి కొరకు ఆయన పాటలు వ్రాసిన కాలమది. కథ అందరెరిగినదే. సత్యభామ గర్వించి వ్రతము చేసి పతిని నారదునకు దానమిచ్చును. తిరిగి పొందవలెనన్న ఎత్తునకు ఎత్తు ధనము తూచవలెను. నగలన్నియు పోసినను త్రాసు కదలదు. నారదుడు స్వామిని అంగడికి తెచ్చి అమ్మజూపును. తుదకు రుక్మిణి తులసీదళముంచగా త్రాసు మొగ్గును.

సంస్కృత హరివంశమున సత్యభామ పుణ్యకవ్రతము చేసి శ్రీకృష్ణుని నారదునకు దానమిచ్చుటయు, నిష్క్రయమిచ్చి తిరిగి గైకొనుటయు కలదు. తులసీదళముతో త్రాసు మొగ్గిన ఘట్టము మాత్రము జనుల నోట పెరిగినది. మూలమున లేదని దానిని త్రోసిపుచ్చు పండితులున్నారు. వారికి చెప్పదగినది ఇంతయే: పత్రమో, పుష్పమో, ఫలమో, తోయమో భక్తితో ఇచ్చిన చాలునని గీతలో స్వామియే చెప్పినాడు. జనులు ఆ మాటకు ఒక త్రాసును, ఒక రాణిని చేర్చిరి. వ్యాఖ్యానమనగా ఇట్లును ఉండవచ్చును.

ఆ అంగడి ఘట్టమునకు దాసుగారు వ్రాసినదే “భలే మంచి చౌకబేరము” అను పాట. నారదుడు వీథిలో నిలిచి కూరగాయలమ్మువానివలె కేకవేయుచు స్వామికి బేరము పెట్టును. ఇందలి చమత్కారమంతయు ‘చౌక’ యను మాటలో నున్నది. సంతకు పోయి వచ్చినవాడెవడైనను ఆ మాటకు తల త్రిప్పి చూచును. తన సరకు శ్రేష్ఠమని, వెల స్వల్పమని, మరల దొరకదని చెప్పుట వర్తకుని నైజము; సాధారణముగా ఆ మూడును అబద్ధములే! నారదుని నోట మాత్రము మూడును సత్యములు. సరకు పరబ్రహ్మము, వెల భక్తి, మానవజన్మ మరల ఎప్పటికో. అంగడి భాషను కవి ఒక్క అక్షరమును మార్చక వేదాంతమును చేసినాడు. ప్రేక్షకుడు నవ్వును. నవ్వుచుండగనే లోపల ఏదియో గుచ్చుకొనును. ద్వారకలో కొనువారు లేకపోయిరి గదా, మనమైనను కొనగలమా యని.

కొనుట, అమ్ముట అను మాటలతో భక్తిని చెప్పుట పెద్దలకు క్రొత్త కాదు. రూపగోస్వామి కూర్చిన పద్యావళిలోను భక్తిని వెలకు కొనదగిన వస్తువుగా చెప్పిన శ్లోకమున్నది. అక్కడ వెల తీవ్రమైన ఆకాంక్ష యొక్కటే. ఆ భావమే చందాలవారి పాటలో సంస్కృతము రానివానికి, నాటకపు పాకలో వేరుసెనగలు నములుచు కూర్చున్నవానికి అందినది. రెండింటిలో ఏది గొప్పయని తర్కింప బనిలేదు. ఒకటి పండితులకు అందినది, రెండవది అందరికి అందినది. సౌలభ్యమును గూర్చిన పాట సులభముగా నుండుటయే ధర్మము.

ఈ నాటకమునకే చేరిన మరియొక విశేషము కలదు. సత్యభామ పాత్రకు పేరొందిన స్థానము నరసింహారావుగారు “మీరజాలగలడా” యను పాటను తామే రచించుకొని పాడిరి. ఇట్లు ఒక్క నాటకమున కథ ఒకరిది, పాటలు మరియొకరివి, కొన్ని నటుడు చేర్చుకొన్నవి. చూడవచ్చినవారికి నటుని పేరు నిలుచును, నాటకము పేరు నిలుచును. పాటలు వ్రాసినవాని పేరు హార్మోనియపు పెట్టె వెనుకనే మిగిలిపోవును.

తరువాత మాటలాడు బొమ్మల కాలము వచ్చినది. హెచ్.ఎం. రెడ్డిగారి దర్శకత్వమున ‘భక్త ప్రహ్లాద’ బొంబాయిలో తయారైనది. ధర్మవరమువారి నాటకమునకు, కడప సీమలో 1885లో మొదలైన సురభి నాటక సమాజపు నటులకు ఆ చిత్రము ఋణపడినది. మునిపల్లె సుబ్బయ్యగారు హిరణ్యకశిపుడు, సురభి కమలాబాయిగారు లీలావతి, సింధూరి కృష్ణారావను బాలుడు ప్రహ్లాదుడు. అది 1931 సెప్టెంబరులో విడుదలయ్యెనని చాలకాలము చెప్పుకొనిరి. 1932 ఫిబ్రవరి 6వ తేదీన బొంబాయిలో విడుదలయ్యెనని తరువాతి పరిశోధనలో తేలినది. ఆ చిత్రమునకు పాటలు వ్రాసిన కేశవదాసుగారికి అప్పటికి ఏబదియైదేండ్లు దాటినవి.

ఆ దినములలో ఒకరు పాడగా మరియొకరు పెదవులు కదల్చు పద్ధతి లేదు. కెమెరా ఎదుట నటించుచునే పాడవలెను. మేళగాండ్రు బొమ్మలో పడకుండ ప్రక్కకు ఒదిగి వాయింపవలెను. శబ్దగ్రహణ యంత్రము నాలుగు దిక్కుల ధ్వనిని ఒక్కరీతిగా లాగుకొనును. కనుక పాటలో మాట స్పష్టముగా పలుకబడునట్లు ఉండవలెను, ఊపిరి తీసికొను చోటు ఉండవలెను. రాత్రియంతయు వేయిమంది ఎదుట గొంతు వినిపింపవలసిన హరికథకునకు ఈ నియమములు కష్టములు కావు. యంత్రము క్రొత్తదైనను విద్య పాతది.

లీలావతి పాడిన దుఃఖగీతము ఆ చిత్రమందలి పాటలలో ప్రసిద్ధమైనది; తెలుగు చలనచిత్రమున తొలిపాటగా దానినే చెప్పుదురు. తెలుగువారు లీలావతి యని పిలుచుకొను ఆ తల్లి పేరు సంస్కృత భాగవతమున కయాధువు. భాగవత సప్తమస్కంధమున ఆమెకు మాటలు చాల తక్కువ. నారదుని యాశ్రమమున గర్భవతిగా నుండి ఆయన యుపదేశము వినినది. విన్న తల్లి మరచినది, గర్భస్థుడైన బిడ్డ మరువలేదు. అంతవరకే. భర్త కొడుకును కొండలనుండి త్రోయించుచుండగా, ఏనుగులచే త్రొక్కించుచుండగా ఆమె యెట్లు సహించినదో మూలము చెప్పదు. ఆ మౌనమునకు తెలుగు రంగస్థలము గొంతు నిచ్చినది. తెలుగు చలనచిత్రమున మొదట వినబడిన పాట ఒక తల్లి యేడుపగుట తలచుకొన్నకొలది మనసును పట్టుకొనును. ఆ చిత్రప్రతి నేడు లభింపదు; పాట మాత్రము నోటికి నోటికి బ్రతికినది.

1935లో వచ్చిన ‘సతీ సక్కుబాయి’కి, ఆ మరుసటియేడు ‘లంకాదహనము’నకు కూడ దాసుగారు పాటలు వ్రాసిరి. సక్కుబాయిగా దాసరి కోటిరత్నముగారు నటించిరి. పండరిపురమునకు పోయిన భక్తురాలికి బదులు పాండురంగడే ఆమె రూపము దాల్చి, అత్త తిట్లు తినుచు, బిందెలతో నీరు మోసిన కథ అది. సౌలభ్యమునకు ఇంతకంటె క్రిందిమెట్టు లేదు. రథసారథి యగుట గొప్పవారి చెలిమి. కోడలి చాకిరి చేయుట ఎవరి చెలిమి? ఆ ఇంటి అత్తకు అది స్వామియని తెలియనే తెలియదు.

ఇచ్చట ఒక యాక్షేపమును దాటిపోరాదు. నటుల సహవాసమును, పాటను జీవనోపాధి చేసికొనుటను ధర్మశాస్త్రములు మెచ్చలేదు. హరినామమును సమాజములవారికి, చిత్రనిర్మాతలకు ఇచ్చి ప్రతిఫలము గొనుట భక్తునకు తగునా యని నాటి పెద్దలలో కొందరు ముఖము చిట్లించుకొనిరి. ఆ యాక్షేపము పూర్తిగా త్రోసివేయదగినది కాదు. నాటకశాలలలో జరుగునదంతయు భక్తి కాదు, చిత్రశాలలలో అసలే కాదు. భగవంతుని పేరు చెప్పి టిక్కెట్లు అమ్మువారిని చూచినపుడు ఆ పెద్దల మాట నిజమనియే తోచును. అయినను ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తులలో శ్రవణము మొదటిది, కీర్తనము రెండవది. ఆలయపు గడప దాటి రానీయని జనులకు ఆ శ్రవణము ఎక్కడ దొరకవలెను? నాటకపు పందిరిలో దొరకినది. ఆ పందిరికి గడప లేదు. పైగా, స్వామిని అంగడిలో పెట్టి అమ్మిన నారదుని చేతనే పాట పాడించిన కవికి ఈ యాక్షేపము తెలియదనుకొనుట అమాయకత్వము. తాను చేయుచున్న పని యేదియో ఆయనకు బాగుగా తెలియును.

తులాభారము 1935లోను, 1955లోను, 1966లోను చలనచిత్రముగా వచ్చినది. కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వమున వచ్చిన 1966 నాటి చిత్రమున బేరపు పాట మరల వినబడి ఇంటింట మారుమ్రోగినది. ఆ పాటను పాడుకొన్న పిల్లలలో ఎందరికి అది తమ తాతల నాటి నాటకపు పాటయని తెలియును? పాతపాటయని తెలిసినవారు సైతము జానపదమనియో, ఎవరో పూర్వకవి దనియో అనుకొనిరి. కవికి ఇది కీర్తియో నష్టమో చెప్పుట కష్టము. పాట సామెతయై పోవుట గొప్పయే. కాని ఆ పేరుగల మనిషి ఒకడు జక్కేపల్లిలో పుట్టి, మందులిచ్చి, కథలు చెప్పి, బండ్లెక్కి మైలవరమునకును, అక్కడనుండి మాటలాడు బొమ్మల దాకను నడచినాడన్న మాట మరుగున పడుట ఆయన సీమకు, ఆయన భాషకు అన్యాయమే. తెలుగు చలనచిత్ర గీతమునకు ఆది సముద్రతీరపు పట్టణములలో నున్నదని తలచువారు నైజాము పల్లెలోని ఈ వీథిబడి చదువును లెక్కలోనికి తీసికొనవలసి యున్నది.

కేశవదాసుగారు 1956 మే నెలలో పరమపదించిరి. అదే సంవత్సరము నవంబరు 1వ తేదీన ఆయన పుట్టిన సీమయు, ఆయన పాటలు ఎక్కువగా మ్రోగిన సీమయు ఒక్క రాష్ట్రమైనవి. ఆ సంవత్సరమే ‘కనకతార’ ఘంటసాలవారి సంగీతముతో రెండవమారు చలనచిత్రముగా వచ్చినది. పల్లెలలో మాత్రము తెర లేచుటకు ముందు, వేషములన్నియు వరుసగా నిలిచిన పిమ్మట, హార్మోనియము ఎప్పటి శ్రుతినే పట్టుచుండెను.